పారబోసిన చోటే పుట్టింది

మంటకి కాస్త దగ్గరగా జరగండర్రా. మన శ్రీకాకుళం వైపు సముద్రం గాలికి చలి ఇంతలా కొరకదు. ఇక్కడ భిలాయిలో పుష్యమాసం వచ్చిందంటే పవర్ హౌస్ స్టేషన్ బయట రిక్షావాళ్ళు కూడా చితుకులు పోగేసి మంటేసుకుంటారు.

ఇందాక పెద్దమ్మాయి ఒక మాట అంది. కొత్తది కనిపెట్టడమంటే పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో, అది చెయ్యాలనే కూచున్నవాళ్ళు చేసే పనట. సగం నిజమే అమ్మలూ. రెండో సగం నేను చెప్తాను. కొన్ని కొత్త వస్తువులు పిలవని పేరంటంగా వస్తాయి. ఒకటి చెయ్యబోతే ఇంకోటి పుడుతుంది. పుట్టినప్పుడు దానికి పేరుండదు, బారసాల ఉండదు. పుట్టిందని కూడా ఎవరికీ తెలీదు. యాభై ఏళ్ళు పోయేక పుస్తకాల్లో చదివి ‘ఆహా’ అనడం ఎవరైనా చేస్తారు. పుడుతున్నప్పుడే పోల్చుకోవడం ఎలాగన్నదే అసలు విద్య. నాకు ఆ విద్య నేర్పింది మన పవర్ హౌస్ పేటే.

మా నాయన ఈ ఊరొచ్చేసరికి ఇక్కడ ప్లాంటు లేదు, పొలాలూ పల్లెలూ ఉండేవి. 1955 ఫిబ్రవరి 2న రష్యావాళ్ళతో ఒప్పందం అయ్యింది, ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు తీసే ప్లాంటు కట్టాలని. ఆ కబురు విజయనగరం, శ్రీకాకుళం ఊళ్ళకి చేరింది. విజయనగరంలో రైలెక్కితే రాయగడ, టిట్లాఘర్ మీదుగా రాయపూర్. అక్కడినించి పడమటికి ఇంకాస్త దూరం. తట్టా పారా పట్టుకుని ఆ లైను మీద ఎంతమంది వచ్చేరో! మట్టి పనికి, కాంక్రీటు పనికి, తాపీ పనికి వచ్చేరు. క్యాంపుల్లో రేకుల షెడ్లు వేసుకున్నారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు వచ్చి మొదటి ధమన్ భట్టీ, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమి, ప్రారంభించేరు.

ఆ భట్టీలోకి ఏటేటి వెళ్తాయో తెలుసా? దల్లీ రాజహరా నించి ఇనప రాయి, నందిని నించి సున్నపురాయి, బొగ్గు కాల్చిన కోకు. సున్నపురాయి ఎందుకంటే, ఇనప రాయిలో ఉన్న ఇసకనీ మట్టినీ పట్టుకుని విడదియ్యడానికి. ఆ విడిపోయింది కరిగి, ఇనుము కన్నా తేలిక గనక పైన తేలుతుంది. దాన్నే ప్లాంటులో స్లాగ్ అంటారు, మన ఊరి కమ్మరి చిట్టెం అంటాడు. టన్ను ఇనుము తీస్తే మూడు నాలుగు వందల కిలోల చిట్టెం వస్తుంది. వద్దన్నా వస్తుంది. లక్షల టన్నుల ఇనుము తీస్తే ఎంత చిట్టెమో మీరే లెక్క కట్టుకోండి.

దాన్ని ఎర్రగా మరుగుతుండగానే పెద్ద పెద్ద గిన్నెల బళ్ళలో తీసుకెళ్ళి పారబోసేవారు. రాత్రిపూట బండి ఒంగిందంటే ఆకాశం అంతా ఎర్రబడిపోయేది. మేం గుంటలం, ఆ వెలుగు చూసి పండగ అనుకునేవాళ్ళం. పెద్దవాళ్ళకి మాత్రం అది కచరా.

చిట్టెం రెండు రకాలుగా ఉండేది. ఊరికే పారబోసి చల్లారనిస్తే రాయిలా గడ్డకడుతుంది. మరుగుతున్నదాన్ని నీళ్ళతో ఒక్కసారిగా చల్లారిస్తే పటపటమని పగిలి ఇసకలా రాలిపోతుంది. వానాకాలం వస్తే మా క్యాంపు సందులు మోకాలు లోతు బురద. ఎవరు మొదలెట్టేరో తెలీదు, ఆ రాళ్ళు తెచ్చి గుమ్మాల ముందు పరుచుకునేవారు. కొందరు ఆ ఇసక కూడా తెచ్చేవారు. మా అమ్మ ఇంటి పక్కన పోయించిన ఇసక గుట్ట వానలు తగిలేక గట్టిపడిపోయింది. పార దిగదు. అమ్మ గునపం పట్టుకుని ఇదేం పాడు ఇసకని విసుక్కుంటా పొడుస్తోంది. పక్కింట్లో ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు, బొబ్బిలి వైపు మనిషి. ఆయన వచ్చి ఒక పెళ్ళ తీసుకుని గోటితో గీకి చూసేడు, నాలిక మీద కూడా పెట్టుకున్నాడు. “వదినా, ఇసక తడిస్తే గడ్డకట్టదు, ఆరితే విడిపోతుంది. ఇది అలా లేదు, దీనికి ఏదో గుణం ఉంది” అన్నాడు. అక్కడితో ఒగ్గీలేదు. కొంచెం ఇసకలో సున్నం కలిపి, తడిపి, మా గుమ్మం ముందు అరుగు వేసేడు. మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆ అరుగు చెక్కు చెదర్లేదు.

అదే గుట్ట. మా అమ్మకి అడ్డం, మేస్త్రీకి సరుకు. ఇద్దరి కళ్ళూ మంచివే. ఇసక ఇలా ఉండకూడదని ఆవిడ విసుక్కుంది, ఇసక ఇలా ఉండదు గదా అని ఆయన ఆగేడు. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా.

పెద్దయ్యి ప్లాంటులో చేరేక తెలిసింది, మేస్త్రీ చూసిన గుణాన్ని ఆయనకి వందేళ్ళ ముందే ఒకాయన చూసేడని. జర్మనీలో ట్రోయిస్‌డార్ఫ్ అనే ఊళ్ళో ఇనప కొలిమి ఉండేది. అక్కడ ఎమిల్ లాంగెన్ అనే ఆయన 1862లో, నీళ్ళతో గబుక్కున చల్లార్చిన చిట్టెంలో సున్నం కలిపితే రాయిలా బిగుస్తుందని కనిపెట్టేడు. చిట్టెంలో ఉన్నవి సున్నం, సిలికా, అల్యూమినా, మెగ్నీషియా. సిమెంటులో ఉండేవీ దాదాపు అవే. నెమ్మదిగా చల్లారితే ఆ పదార్థాలన్నీ వరసగా సర్దుకుని మామూలు రాయి అయిపోతాయి, ఇక నీళ్ళకి పలకవు. గబుక్కున చల్లారిస్తే సర్దుకునే వ్యవధి ఉండదు, గాజులా మారతాయి. శక్తి లోపలే చిక్కుకుని ఉంటుంది. సున్నం తగిలితే లేచి బిగుస్తుంది. ఇనుము చేద్దామని కూచున్న మనిషి సిమెంటు చేసేడన్నమాట.

మన దేశంలో స్లాగ్ సిమెంటుకి ఐఎస్ 455 అని ప్రమాణం రాసింది 1953లో. అంటే భిలాయి భట్టీ వెలిగే నాటికే కాయితం మీద దారి ఉంది. 1960ల్లో నందిని రోడ్డు వైపు జామూల్‌లో ఏసీసీ వాళ్ళ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది, మన చిట్టెం కూడా దానికి సరుకు. పారబోసినదానికి లారీలు వరస కట్టేయి. ఇప్పుడు స్లాగ్ సిమెంటు బస్తాలో నూటికి పాతిక నించి డెబ్భై వంతుల దాకా చిట్టెమే ఉండొచ్చు.

ఇంకో సంగతి వినండి. మామూలు సిమెంటుకి సున్నపురాయిని 1450 డిగ్రీల్లో కాల్చాలి. కాల్చినప్పుడు ఆ రాయిలోంచే బొగ్గుపులుసు గాలి బయటికి పోతుంది. చిట్టెంలో ఉన్న సున్నం భట్టీలోనే ఒకసారి కాలిపోయింది గనక మళ్ళీ కాల్చక్కర్లేదు. దాంతో భూమి వేడెక్కించే గాలి తగ్గుతుంది. 1862లో లాంగెన్‌కి ఆ ఆలోచన ఉందంటారా? మా మేస్త్రీకి ఉందంటారా? లేదు. పిలవకుండా వచ్చిన వస్తువు రెండోసారి కూడా పిలవకుండానే కొత్త పనికి వచ్చింది. అందుకే అంటాను, దాని పని ఇంతేనని ఎప్పుడూ గీత గీసెయ్యకండి.

పుడుతున్నప్పుడు పోల్చుకునే మొదటి గుర్తు ఇదే. పారేసిన చోటికి ఎవరైనా బుట్ట పట్టుకుని వస్తన్నారా? వస్తే వాళ్ళని తరిమెయ్యకండి. కూచోబెట్టి అడగండి, దేనికి బాబూ అని.

రెండో గుర్తు చెప్పాలంటే స్టీలు కథే చెప్పాలి. మీ పళ్ళెం, గ్లాసు, చెంచా అన్నీ దాంతోనే కదా. ఇంగ్లాండులో షెఫీల్డ్ అని మన భిలాయిలా ఉక్కు ఊరు. అక్కడ హ్యారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకి గొట్టాలు తొందరగా అరిగిపోతున్నాయంటే అరగని ఉక్కు కోసం క్రోమియం కలిపి చూస్తన్నాడు. అది 1913. ఉక్కు లోపలి పొర ఎలా ఉందో చూడాలంటే ముక్కని నున్నగా చేసి యాసిడ్ రాయాలి. యాసిడ్ కొంచెం తినేస్తే గింజలు కనబడతాయి. క్రోమియం 12.8 శాతం పడిన ముక్కని మాత్రం యాసిడ్ తినలేదు. పరీక్ష సాగదు. ఇంకొకడైతే ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి తీసేవాడు. యాసిడ్‌కే లొంగనిది వెనిగర్‌కీ నిమ్మరసానికీ లొంగదు గదా అని ఈయనకి తట్టింది. తుపాకి పని కోసం మొదలెట్టినదాన్ని తిండి కోసే కత్తుల వైపు తిప్పేడు. ఆయన పనిచేసే చోట ఆ మాట పెద్దగా చెవికెక్కలేదు. అప్పుడు కత్తుల తయారీ చూసే ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే ఆయన చేత కత్తులు చేయించేడు. క్రోమియం ఉక్కు యాసిడ్‌ని ఓర్చుకుంటుందని ఫ్రాన్సులో బెర్తియే 1821లోనే రాసి పెట్టేడు. చూసినవాళ్ళు ఉన్నారన్నమాట. కానీ ఇది వంటింటికి పనికొస్తుందని పట్టుకుని వదలనివాడు బ్రియర్లీ.

కాబట్టి మీ పనికి అడ్డంపడేది ఏదైనా ఉంటే దానివైపు తిరిగి చూడండి. యాసిడ్ తినకపోవడం ఆ రోజు పరీక్షకి తెగులు. ఇవాళ ప్రతి ఇంటి వంటగదికీ అదే గుణం.

మూడోది మీ అందరికీ తెలిసిన వస్తువే, ఎలా పుట్టిందో తెలీదంతే. పవర్ హౌస్‌లో మొదట ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు గంటలు కూచునేవాళ్ళం. 1980ల చివర ఎస్‌టీడీ బూతులు వచ్చేయి, పసుప్పచ్చ బోర్డు, ఎర్ర అంకెల మీటరు. అంకె తిరిగితే గుండె తిరిగేది. మన వాళ్ళు ఏం చేసేరు? ఊరికి వెళ్ళినవాడు చేరేక ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవాడు. ఒక్క రింగంటే క్షేమంగా చేరేడని. రెండు రింగులంటే మళ్ళీ చెయ్యి, మాటాడాలని. అవతల ఎత్తలేదు గనక మీటరు తిరగదు. బూతువాడు మొహం ముడుచుకునేవాడు గానీ ఏటీ అనలేడు.

తరవాత మొబైళ్ళు వచ్చేయి. 2003 వరకూ వచ్చే ఫోనుకి కూడా డబ్బులే. అప్పుడు ఒక్క రింగుకి మిస్డ్ కాల్ అని పేరొచ్చింది. పాలవాడికి మిస్డ్ కాల్ ఇస్తే పాలు తెమ్మని, ఆటోవాడికిస్తే గుమ్మంలోకి రమ్మని. ఫోను కంపెనీకి పైసా రాదు, అది వాళ్ళ లెక్కలో తెగిపోయిన కాల్. మనకి మాత్రం అది తెగలేదు, కబురు చేరిపోయింది. దేశమంతా జనం అలా వాడుకుంటుంటే, ఇది ఎగవేత కాదు, కొత్త రకం ఉత్తరం అని కొందరు పోల్చేరు. 2010లో బెంగుళూరులో జిప్‌డయల్ అని మిస్డ్ కాల్ మీదే కంపెనీ పెట్టేరు. 2015లో దాన్ని అమెరికా ట్విట్టర్ కొనుక్కుంది. 2021లో ఇండేన్ గ్యాస్ బండ బుక్ చెయ్యడానికి కూడా మిస్డ్ కాల్ పెట్టేరు. మిస్డ్ కాల్‌ని ఏ ఇంజినీరూ కూచుని గీయలేదు. కూలి డబ్బులు మిగుల్చుకోవాలన్న తండ్రులూ, బిడ్డ చేరేడో లేదో అని నిద్రపట్టని తల్లులూ చేసేరు దాన్ని.

మూడో గుర్తు అది. ఎవరూ నేర్పకుండా నలుగురు ఒకే పని ఒకే తీరున చేస్తన్నారంటే అక్కడ ఏదో పుట్టింది. ముఖ్యంగా డబ్బు లేనివాళ్ళు చేస్తంటే మరీ శ్రద్ధగా చూడాలి. లేమిలో ఉన్నవాడు వస్తువుని దాని చీటీ మీద రాసినట్టు వాడడు, తన అవసరానికి పిండుకుంటాడు.

అయితే చూసి ఆహా అంటే చాలదు. ఇది మన జిల్లా కథే, వినండి. 2004లో దుర్గ్, రాజనందగావ్, ధమ్తరి రైతులు కొందరు వరి పొలాల మీద కూల్‌డ్రింకు చల్లుతున్నారని పేపర్లన్నీ రాసేయి. ఆంధ్రాలో కూడా రైతులు అలాగే చేసేరని రాసేరు. పురుగుల మందు కన్నా చవకట, పురుగు తగ్గుతోందట. విదేశీ పత్రికలకి కూడా ఎక్కింది. కొందరు నవ్వేరు, కొందరు ఆ సీసాలో విషం ఉంది చూడండన్నారు. కంపెనీలు అందులో అలాంటిదేమీ లేదన్నాయి. అప్పుడు వ్యవసాయం తెలిసినవాళ్ళు అసలు ప్రశ్న అడిగేరు, ఎందుకు తగ్గుతోంది అని. సీసాలో ఉన్నది ముఖ్యంగా పంచదార నీళ్ళు. తీపికి ఎర్రచీమలు చేరతాయి, చేరిన చీమలు పురుగు పిల్లల్ని తినేస్తాయి. అదే నిజమైతే సీసా కొనక్కర్లేదు, బెల్లం నీళ్ళు చాలు. చూడండి, రైతు కళ్ళు అబద్ధం చెప్పలేదు. పొలంలో ఏదో జరిగింది, అది చూసేడు. కానీ ఘనత సీసాకి ఇచ్చేస్తే డబ్బు దండగ, చీమకి ఇస్తే విద్య. కొత్తది పుట్టిందని పోల్చడం సగమే, ఎవరి కడుపున పుట్టిందో పోల్చడం మిగతా సగం.

పోల్చుకోకపోతే ఏటవుతుంది తాతా అంటారేమో. ఇతరులు పోల్చుకుంటారు, బిల్లు మనం కడతాం. మన ప్లాంటులో కోక్ ఒవెన్లు ఉన్నాయి కదా, బొగ్గుని గాలి తగలకుండా కాల్చి కోకు చేస్తారు. ఆ పొగలోంచి తారు వస్తుంది, తారులోంచి నాఫ్తలీన్ వస్తుంది, మీ అమ్మ బీరువాలో వేసే కలరా ఉండలు అవే. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రోడు ఆ తారు సరుకుతో మలేరియా మందు క్వినైన్ చెయ్యబోయేడు. నల్లటి మడ్డి వచ్చింది. కడుగుతుంటే ఊదా రంగు దిగింది. పారబొయ్యకుండా పట్టుబట్ట ముంచి చూసేడు, రంగు పట్టుకుంది. అక్కడినించి రంగుల శాస్త్రం మొదలయ్యింది. జర్మనీలో బీఏఎస్‌ఎఫ్ వాళ్ళు నాఫ్తలీన్ నించి నీలి రంగు చెయ్యాలని ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు. ఒకరోజు థర్మామీటరు పగిలి పాదరసం లోపల పడింది. పాడైందనుకున్న ఆ పాకంలో పని వేగంగా జరిగింది. పగిలిన గాజు ఏరి పారేసి ఊరుకోలేదు వాళ్ళు, పాదరసం ఏం చేసిందో కనుక్కున్నారు. 1897లో ఆ నీలి బజారుకొచ్చింది. ఇరవై ఏళ్ళు తిరక్కుండా మన దేశం నీలి వ్యాపారం కూలిపోయింది. మన కడప, నెల్లూరు జిల్లాల నీలిమందుకి కూడా ఒకప్పుడు పేరుండేది. అక్కడి రైతుకి ఎక్కడో పగిలిన థర్మామీటరు గురించి ఎవరు చెప్తారు? అందుకే నాకు ఈ విషయం అంటే అంత పట్టుదల. పుట్టుక దగ్గరే మనవాళ్ళు ఉండాలర్రా, చివర్లో కాదు.

ఇంజినీరింగ్ చదివే అమ్మలూ, నీకు చెప్పాల్సింది ఇది. భట్టీ చిట్టెం కథ ఒడ్డెక్కింది, దానికి ధర వచ్చింది. కానీ ఇనుముని ఉక్కు చేసే కన్వర్టర్ల దగ్గర ఇంకో చిట్టెం వస్తుంది, ఎల్‌డీ స్లాగ్ అంటారు. దానికి ఇంకా పూర్తిగా దారి దొరకలేదు. అందులో కలవని సున్నం మిగిలిపోతుంది. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, దాంతో వేసిన రోడ్డు పగులుతుంది. ఉక్కు తయారీలో వచ్చే చిట్టెంనే ముందు సిద్ధం చేసి, ఆ తరవాత వాడి 2022లో సూరత్ దగ్గర హజీరాలో రోడ్డు వేసేరు, మన కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థవాళ్ళ సాయంతో. బావుంది. కానీ ఎల్‌డీ స్లాగ్ ఉబ్బుతుంది అన్నదాన్ని చాలామంది తెగులుగానే చూస్తన్నారు. ఉబ్బడమే కావలసిన చోటు ఎక్కడైనా ఉందా? సున్నం మిగలడమే వరమయ్యే పొలం ఉందా? పులుపెక్కిన నేలకి సున్నం వెయ్యమనే కదా పెద్దలు చెప్తారు.

సంకురాత్రి సెలవులున్నాయి కదా. నోటుబుక్కు పట్టుకుని నందిని రోడ్డు మీద టీ బంకు దగ్గర కూచో. ఏ లారీ ఏ చిట్టెం ఎత్తుకెళ్తోందో చూడు. డ్రైవరుకి టీ ఇప్పించి, ఎవరు తెమ్మన్నారు, దేనికి వేస్తన్నారు, వేసేక ఏం జరిగింది అని అడుగు. ఎవరైనా ‘ఊరికే వేసేం గానీ, చిత్రంగా’ అని మొదలెట్టేరంటే అక్కడ కలం ఆపకు, చివరిదాకా రాసుకో. ఆ తరవాత మీ ప్రొఫెసరు దగ్గరికి వెళ్ళి ‘ఎందుకు’ అని అడుగు. ఆయనకి తెలీకపోతే మరీ మంచిది, ఆ ప్రశ్న ఇక నీదే.